అనాయస శస్త్రం: వృష్ణి సంఘంలో జ్ఞాతి సంబంధాలు

సాంఘిక మనస్తత్త్వశాస్త్రం అనే పేరుతో నేడు విశ్వవిద్యాలయాలలో బోధింపబడుతున్న శాస్త్రం వయస్సులో చిన్నది. ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి చేయని పనిని పదిమందిలో ఉన్నప్పుడు ఎందుకు చేస్తాడు, ఒకే కులంలో పుట్టి ఒకే పంక్తిలో భుజించేవారి మధ్య వైరం ఎట్లా పుడుతుంది, పుట్టిన వైరం ఇద్దరితో ఆగక అందరినీ ఎట్లా ఆవరిస్తుంది అనే ప్రశ్నలు దాని విచారణకు మూలాలు. ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె బాన్ 1895లో జనసమ్మర్దం యొక్క మనఃప్రవృత్తిపై గ్రంథం ప్రకటించినాడు. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫ్రిట్జ్ హైడర్ 1958లో వ్యక్తుల పరస్పర సంబంధాలను గూర్చి వ్రాసినాడు. ఇట్టివారి ప్రసక్తి వచ్చినప్పుడల్లా ‘ఇవన్నీ మన వాఙ్మయంలో ఎప్పుడో ఉన్నాయి’ అనడం పండితగోష్ఠులలో పరిపాటి. ఉన్నాయనడం తేలిక. ఏ పర్వంలో ఏ సందర్భంలో ఏ రూపంలో ఉన్నాయో చూపడం శ్రమతో కూడిన పని. పైగా ఉన్నదానిని ఉన్నట్లు చూపితే అది వారి మాటకు ప్రతిధ్వని కాకపోవచ్చును.

మహాభారత శాంతిపర్వంలో శ్రీకృష్ణ నారద సంవాదం ఒకటి ఉన్నది. భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారి సంశోధిత ప్రతిలో అది 82వ అధ్యాయం. జ్ఞాతులతో వేగలేక శ్రీకృష్ణుడు తన బాధను నారదునితో చెప్పుకొంటాడు. నారదుడు ఆయనకు ఒక శస్త్రాన్ని ఉపదేశిస్తాడు. అది ఇనుముతో చేసినది కాదు గనుక ‘అనాయసం’. ఆ శస్త్రంతో సంఘాన్ని కాపాడుకొమ్మన్నాడు. మౌసలపర్వానికి వచ్చేసరికి ఆ సంఘమే ఒక్క పూటలో తనను తాను చంపుకొన్నది. అక్కడ శాపంగా వచ్చినది ‘ఆయస’ ముసలం, అంటే ఇనుప రోకలి. ఆ శాపమిచ్చిన మునులు ముగ్గురు: విశ్వామిత్రుడు, కణ్వుడు, నారదుడు. అనాయస శస్త్రాన్ని ఇచ్చిన నోరే ఆయస ముసలాన్ని కూడా ఇచ్చినదన్నమాట. ఈ రెండు ఘట్టాలనూ కలిపి చదివే అలవాటు పాఠశాలలలో లేదు. ఒకటి రాజధర్మంలోనూ, మరొకటి కథాశేషంలోనూ పడిపోయినవి. కలిపి చదివితే ఒక ప్రశ్న తప్పదు. నారదుని శస్త్రం ఎందుకు పని చేయలేదు?

ముందుగా సంఘ శబ్దాన్ని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. అంధకులు, వృష్ణులు, భోజులు, కుకురులు, శైనేయులు అనే శాఖలు కలిసిన యాదవుల పాలన ఏకరాజాధీనం కాదు. ఉగ్రసేనుడు రాజు అనిపించుకొన్నా కార్యనిర్ణయం సుధర్మ అనే సభలో జరిగేది. పాణిని అంధకవృష్ణులను పేరుతో పేర్కొని, వారి రాజన్య నామాల ద్వంద్వసమాసాలకు ప్రత్యేక స్వరాన్ని విధించినాడు (6-2-34). కాశికావృత్తి అక్కడ ఇచ్చిన ఉదాహరణలలో శ్వఫల్కుని సంతతివారి పేరూ, వాసుదేవుని పేరూ కనబడతాయి. శ్వఫల్కుడు అక్రూరుని తండ్రి. మహాభాష్యంలోనైతే ‘అక్రూరవర్గ్యుడు’, ‘వాసుదేవవర్గ్యుడు’ అనే ప్రయోగాలు ఉన్నాయి. ఫలానావాడు అక్రూరుని పక్షం, ఫలానావాడు వాసుదేవుని పక్షం అని లోకం చెప్పుకొన్న మాటలే వ్యాకరణానికి ఉదాహరణలుగా చేరినవి. ఇతిహాసం అంతరించినా పక్షాలు మాత్రం వ్యాకరణంలో మిగిలిపోయినవి.

ఆ పక్షాల మధ్య నిలిచినవాని మనస్సు ఎట్లా ఉండునో సంవాదంలో శ్రీకృష్ణుడే చెప్పినాడు. పేరుకు ప్రభుత్వం, చేసేది జ్ఞాతులకు దాస్యం. అనుభవించేది భోగంలో సగం. వినేది వారి పరుషవాక్కులు. అగ్ని కావలసినవాడు అరణిని మథించినట్లు వారి మాటలు తన హృదయాన్ని మథిస్తున్నవట. సంకర్షణునికి బలముంది, గదునికి సౌకుమార్యముంది, ప్రద్యుమ్నుడు రూపంతో మత్తుడై ఉన్నాడు. ఇందరుండగా తాను అసహాయుడు. ఇక ఆహుకుడు, అక్రూరుడు. వీరిద్దరూ ఎవరి పక్షాన ఉంటే వానికి దుఃఖం, ఎవరి పక్షాన లేకుంటే వానికీ దుఃఖమే. ఇద్దరు జూదరుల తల్లి ఒకని గెలుపు కోరుతూ రెండవవాని ఓటమి కోరలేనట్లు తాను ఉన్నానని ముగించినాడు. గీతను ఉపదేశించిన పురుషుడు ఇంత దీనంగా మాట్లాడిన ఘట్టం భారతంలో అరుదు.

జూదరుల తల్లి అనే ఈ ఉపమానం ఎదుట హైడర్ సిద్ధాంతాన్ని పెట్టి చూడవచ్చును. తనకు ఇష్టులైన ఇద్దరు ఒకరికొకరు అనిష్టులైనప్పుడు మనిషి మనస్సులో సమతౌల్యం చెడుతుందనీ, ఇద్దరినీ కలపడమో, ఇద్దరిలో ఒకరిని విడవడమో చేసి ఆ ఒత్తిడిని పోగొట్టుకొనడానికి యత్నిస్తాడనీ ఆయన అన్నాడు. మూడు బిందువుల చిత్రంతో ఆయన చూపినదానిని వ్యాసుడు ఒక తల్లి బొమ్మతో చూపినాడు. అంతవరకు సామ్యమే. భేదం తరువాత వస్తుంది. శ్రీకృష్ణుడు ఇద్దరిలో ఎవరినీ విడవలేదు. నారదుడు కూడా విడవమనలేదు. ఆ తల్లి తల్లిగానే ఉండవలెనన్నది ఆయన నిర్ణయం. చెడిన సమతౌల్యాన్ని సరిచేసుకొనడం కాక దానిని భరించడమే సంఘముఖ్యుని ధర్మమన్న మాట హైడర్‌లో లేదు.

నారదుని సమాధానంలో మొదటి భాగం మెత్తనిది కాదు. ఆపదలు బాహ్యాలనీ ఆభ్యంతరాలనీ రెండు విధాలు. నీది ఆభ్యంతరం, అదీ నీవు చేసుకొన్నది అన్నాడు. సంపాదించిన ఐశ్వర్యాన్ని ఇతరుల చేతిలో పెట్టినావు, కక్కిన అన్నం వలె దానిని తిరిగి తీసుకొనలేవు, తీసుకొంటే జ్ఞాతిభేదం తప్పదు. ఆ తరువాత శస్త్రం మాట ఎత్తినాడు. మృదువైనదైనా హృదయాన్ని ఛేదించేది, అందరి నాలుకలనూ అణచేది. అది ఏమిటని అడిగితే అయిదు చెప్పినాడు: యథాశక్తి అన్నదానం, తితిక్ష, ఆర్జవం, మార్దవం, అర్హులకు తగిన పూజ. చదును నేల మీద బరువు మోయడం ఏ ఎద్దుకైనా చేతనవుతుంది, మిట్టపల్లాలలో మోసేది మంచి ఎద్దు మాత్రమే అని ఉత్సాహపరచినాడు. సంఘాలకు వినాశం భేదం వలననే అనీ, నీవు సంఘముఖ్యుడవనీ గుర్తు చేసినాడు. ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ శిక్ష కాదు, వ్యవహార నిర్ణయం కాదు. అన్నీ ముఖ్యుని శీలానికి సంబంధించినవే.

ఇదే పర్వంలో భీష్ముడు గణాల వృత్తాంతాన్ని ధర్మరాజుకు చెప్పిన అధ్యాయం (సంశోధిత ప్రతిలో 108) మరొక వైపు నుంచి చూస్తుంది. లోభం, అమర్షం అనే రెండే కులాలలోనూ గణాలలోనూ వైరాన్ని రగిలిస్తాయని భీష్ముడన్నాడు. గణంలో అందరూ జాతిచేత సమానులు, కులంచేత సమానులు. బుద్ధిలో, ఉద్యోగంలో, రూపంలో, ధనంలో సమానులు కారు. సమానులమనుకొన్న చోట కనబడే అసమానతే శత్రువుకు దారి. ఇందులో ఒక మాట ఈ విచారణకు ముఖ్యమైనది. కులాలలో పుట్టిన కలహాలను కులవృద్ధులు ఉపేక్షిస్తే గోత్రం నశిస్తుంది, గణం భేదిస్తుంది. బాహ్యభయం స్వల్పం, ఆభ్యంతర భయమే మూలాలను కోసేది. నారదుడు తితిక్షను మందుగా చెప్పినాడు. భీష్ముడు ఉపేక్షను రోగంగా చెప్పినాడు. చూచేవారికి రెండూ ఒక తీరుగానే ఉంటాయి. రెండింటిలోనూ పెద్ద మనిషి మాట్లాడక కూర్చొని ఉంటాడు.

తన మీద పడిన పరుషవాక్కును ఓర్చుకొనడం తితిక్ష. ఇద్దరు జ్ఞాతుల మధ్య పడిన మాటను పట్టించుకొనకపోవడం ఉపేక్ష. మాట ఎవరిపై పడినది అన్నదే రెండింటికీ భేదం. ఈ భేదాన్ని పట్టుకొని వృష్ణుల చరిత్రలో రెండు ఘట్టాలను పోల్చవలసి ఉన్నది.

మొదటిది సుభద్రాహరణం. తెలుగు పాఠకునికి ఇది నన్నయ ఆదిపర్వం మొదలుకొని చేమకూర వేంకటకవి విజయవిలాసం దాకా ప్రధానంగా పరిణయకథగా పరిచితం. అందుచేత మధ్యనున్న సభాఘట్టం మీద దృష్టి నిలవడం లేదు. అర్జునుడు సుభద్రను రథమెక్కించుకొని పోయిన వార్త సుధర్మకు చేరుతుంది. సభాపాలుడు భేరి మోగిస్తాడు. భోజ వృష్ణ్యంధకులు తింటున్న అన్నాన్నీ త్రాగుతున్న పానాన్నీ విడిచి పరుగున వచ్చి ఆసనాలపై కూర్చుంటారు. వార్త వినగానే కళ్ళెర్రజేసి లేస్తారు. రథం కట్టుమని ఒకడు, గుర్రాలు తెమ్మని ఒకడు, కవచమని ఒకడు, విల్లని ఒకడు. సమూహక్రోధం ఒకరినుంచి ఒకరికి ఎట్లా పాకునో వ్యాసుడు అరుపులతోనే చూపినాడు. లె బాన్ చెప్పిన భావసంక్రమణం ఇదే. అప్పుడు బలరాముడు, ఆయన కూడా మధువు సేవించి ఉన్నవాడే, అడ్డుపడినాడు. కృష్ణుడు మౌనంగా ఉండగా మీరేమి చేస్తున్నారు, ముందు ఆయన అభిప్రాయం తెలుసుకొనండి అన్నాడు. అరుపులు ఆగినవి. ఆ తరువాత బలరాముడే తన కోపాన్నంతా సభలో వెళ్ళగ్రక్కినాడు. దానిని ఎవరూ ఆపలేదు. అంతా విన్న తరువాత శ్రీకృష్ణుడు మాట్లాడినాడు. అర్జునుడు చేసినది కులానికి అవమానం కాదని కారణాలతో నిరూపించి, సాంత్వనంతో వెనుకకు పిలుచుకొని రమ్మన్నాడు. అట్లే చేసినారు.

ఇక్కడ సంఘాన్ని కాపాడినది శాంతస్వభావం కాదు. సుధర్మలో శాంతులెవరూ లేరు. కాపాడినవి భేరి, ఆసనాలు, ఒకరి మాటను ఒకరు వినే క్రమం, అన్నిటికంటె మిన్నగా ‘ఈయన ఎందుకు మాట్లాడడం లేదు’ అని పదిమందిలో అడిగినవాడు ఒకడు ఉండడం.

రెండవ ఘట్టానికి పూర్వరంగం కురుక్షేత్రం. యుద్ధంలో వృష్ణిసంఘం మూడు దారులైనది. సాత్యకి ఒక అక్షౌహిణితో పాండవులను చేరినాడు. కృతవర్మ భోజాంధక సేనతో దుర్యోధనుని చేరినాడు. బలరాముడు తీర్థయాత్రకు పోయినాడు. చేయి తెగి ప్రాయోపవిష్టుడైన భూరిశ్రవసుని తలను, అందరూ వద్దని అరుస్తుండగా, సాత్యకి ఖండించినాడు. అశ్వత్థామ నిద్రిస్తున్న శిబిరంలో చొరబడిన రాత్రి కృతవర్మ కృపునితో ద్వారం వద్ద నిలిచి పారిపోయి వస్తున్నవారిని చంపినాడు. యుద్ధానంతరం మిగిలిన కొద్దిమందిలో ఈ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ ఒకే ద్వారకకు తిరిగి వచ్చినారు. ముప్పదియారు సంవత్సరాలు ఒకే నగరంలో, ఒకే ఉత్సవాలలో మెలగినారు.

ఆ కర్మలపై సుధర్మలో విచారణ జరిగినట్లు భారతం చెప్పలేదు. చెప్పినది వేరొకటి. ఆశ్వమేధికపర్వంలో శ్రీకృష్ణుడు ద్వారకకు వచ్చి తండ్రి వసుదేవునికి యుద్ధవృత్తాంతాన్ని సంగ్రహంగా వినిపించినాడు. వృద్ధుడు దుఃఖిస్తాడని అభిమన్యుని మరణాన్ని దాటవేసినాడు. నా కుమారుని సంగతి చెప్పు అని అడిగినది సుభద్ర. అడిగి మూర్ఛిల్లినది. అప్పుడు చెప్పక తప్పలేదు. అదే కథనంలో సౌప్తిక రాత్రి ప్రసక్తి కూడా వచ్చినది గాని, కృతవర్మను గూర్చినంతవరకు కృపునితోబాటు ద్రౌణితో కూడ యుద్ధం నుంచి బయటపడినాడన్న మాటతో సరిపెట్టినాడు. నింద లేదు. అభిమన్యుని కోసం అడగడానికి సుభద్ర ఉన్నది. ఉపపాండవుల కోసం ద్వారకలో అడిగినవారు లేరు. ఈ మౌనం మార్దవమే, నారదుడు చెప్పిన అయిదింటిలో ఒకటే. జ్ఞాతిని జ్ఞాతుల ఎదుట నిందించకపోవడం మంచిదే. అయితే నిందింపబడని కర్మ క్షమింపబడిన కర్మ కాదు.

ఇక ప్రభాసతీర్థం. అంతకుముందే, సాంబునికి ఆడవేషం వేసి బభ్రువు భార్యకు ఏ సంతానం కలుగునని సారణుడు మొదలైనవారు మునులను పరిహసించిన వృత్తాంతం నడిచింది. ఒక్కడుగా ఎవడూ చేయని వెక్కిరింత గుంపుగా చేసినారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఇంద్రియజయాన్ని ప్రస్తావిస్తూ వృష్ణిసంఘం నాశాన్ని క్రోధం క్రింద గాని లోభం క్రింద గాని కాక ‘హర్షం’ క్రింద ఉదాహరించినాడు. పరాభవం పొందిన ముని ఆయన లెక్కలో ద్వైపాయనుడు. పేరు మారినా నిదానం గమనింపదగినది. సంఘాన్ని చెరిచినది కలిసి నవ్వడంలోని మదం. నగరంలో సురను చేసినవానిని బంధువులతో సహా కొరత వేయిస్తామని చాటింపు కూడా వేసినారు. అంత కఠినమైన శాసనం పుట్టినదంటే మార్దవం చేతగాని స్థితి వచ్చినదన్నమాట.

ప్రభాసలో బ్రాహ్మణులకై వండిన అన్నంలో సుర కలిపి కోతులకు పెట్టినారు. అన్నదానం, అర్హపూజ అనే రెండూ అక్కడే తలక్రిందులైనవి. శ్రీకృష్ణుని సన్నిధిలోనే పానం ఆరంభమైనది. బలరాముడు కృతవర్మతో కలిసి త్రాగినాడు. సాత్యకి, గదుడు, బభ్రువు త్రాగినారు. తరువాతి వరుసను జాగ్రత్తగా చదవవలెను. సాత్యకి నవ్వుతూ, నిద్రలో ఉన్నవారిని చంపిన క్షత్రియుడెవడని కృతవర్మను ఎత్తిపొడిచినాడు. ఆ మాటను ప్రద్యుమ్నుడు మెచ్చుకొన్నాడు. ఇంతవరకు ఇద్దరి మధ్య మాట. ఈ మెచ్చుకోలుతో అది పక్షాల మాట అయినది. కృతవర్మ అవజ్ఞతో ఎడమచేయి చూపి భూరిశ్రవసుని సంగతి ఎత్తినాడు. శ్రీకృష్ణుడు మాట్లాడలేదు, రోషంతో ఓరగా చూచినాడు. ఆ చూపును సాత్యకి తన పక్షంగా గ్రహించినట్లున్నది, వెంటనే స్యమంతకమణి కథ, సత్రాజిత్తు వృత్తాంతం తవ్వినాడు. ఇది యుద్ధానికి ఎంతో పూర్వపు గాయం. అక్రూరవర్గం, వాసుదేవవర్గం అని లోకం చెప్పుకొన్న చీలికకు దగ్గరగా ఉన్న గాయం. తండ్రి పేరు విన్న సత్యభామ ఏడ్చుచు వచ్చి కేశవుని అంకంపై వ్రాలినది. అప్పుడు సాత్యకి లేచి, ద్రౌపదేయుల దారిన నిన్ను పంపుతానని కృతవర్మ శిరస్సును ఖండించినాడు. ఉపపాండవుల పేరు ముప్పదియారేండ్లకు వినబడినది ఇక్కడ, ఈ రూపంలో.

ఆ తరువాత సాత్యకి చుట్టునున్నవారినీ కొట్టసాగినాడు. ఆపడానికి శ్రీకృష్ణుడు పరుగెత్తినాడు గాని అప్పటికే భోజులూ అంధకులూ ఒక్కటై సాత్యకిని చుట్టుముట్టినారు. వారి చేతిలో మొదట ఉన్నవి శస్త్రాలు కావు, ఎంగిలి పాత్రలు. కలిసి తిన్న పాత్రలతో కొట్టినారు. అడ్డువచ్చిన ప్రద్యుమ్నుడు, సాత్యకి ఇద్దరూ తండ్రి కళ్ళ ఎదుట కూలిన తరువాతనే శ్రీకృష్ణుడు పిడికెడు ఏరక తుంగను పెరికినాడు. అది ఇనుప ముసలమైనది. పిమ్మట తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని గుర్తించలేదు. అర్థశాస్త్రంలోని సంఘవృత్తాధికరణం శత్రుసంఘంలో చారులను ప్రవేశపెట్టి విద్యలో, జూదంలో, క్రీడలో తగవులు రేపే ఉపాయాలను బోధిస్తుంది. ప్రభాసకు ఏ చారుడూ రానక్కరలేకపోయినది.

ఇదంతా శాపఫలం, గాంధారీశాపం తీరే ముప్పదియారవ ఏడు, దీనికి మనస్తత్త్వ విచారణ ఎందుకని సంప్రదాయజ్ఞులు అడుగవచ్చును. కాలపర్యాయం తెలిసియే శ్రీకృష్ణుడు ఊరుకొన్నాడని మూలమే చెప్పుచున్నది; దానిని కాదనడానికి వీలులేదు. అయితే శాపం ఒక్కటే చాలునన్నచో ఎవడు ముందు నవ్వినాడో, ఎవడు మెచ్చినాడో, ఏ చేయి చూపినాడో వ్యాసునికి అవసరం లేదు. సముద్రం పొంగి ద్వారకతోబాటు అందరినీ ముంచినదని ఒక్క శ్లోకంలో ముగించవచ్చును. శాపం ఫలాన్ని నిర్ణయించినది; అది నడిచిన దారిని వారి సంబంధాలే వేసినవి.

ఈ దృష్టితో సుధర్మనూ ప్రభాసనూ పక్కపక్కన పెడితే రెండుచోట్లా ఉన్నవారు ఆ కులాలవారే, రెండుచోట్లా మద్యమున్నది, రెండుచోట్లా క్రోధమున్నది, రెండుచోట్లా శ్రీకృష్ణుడు మౌనంగా ఉన్నాడు. మొదటి చోట ఆ మౌనాన్ని బలరాముడు ప్రశ్నించినాడు. రెండవ చోట బలరాముడు కృతవర్మతో పానపంక్తిలో ఉన్నాడు. నారదుని శస్త్రం విఫలమైనదనడం అందుచేత సరికాదు. అది ముఖ్యునికీ ఒక్కొక్క జ్ఞాతికీ మధ్యనున్న సంబంధానికి చెప్పిన శస్త్రం. శ్రీకృష్ణుని ముఖం మీద మాట్లాడిన నాలుకలను అది ఎంతో కాలం అణచియే ఉంచినది. సాత్యకికీ కృతవర్మకూ మధ్య దానికి ప్రవేశం లేదు. అక్కడ కావలసినది భీష్ముడు చెప్పిన కులవృద్ధుల జోక్యం, సుధర్మలోని ఆసనం, భేరి. అసహాయుడనని శ్రీకృష్ణుడు మొదటే చెప్పుకొన్నాడు. అందులోని దైన్యాన్ని అతిశయోక్తిగా వ్యాఖ్యానించడం కంటె, సహాయం లేని ముఖ్యుని తితిక్ష ఎంతవరకు పోగలదో ఆయనే ముందుగా చెప్పినాడని అన్వయించడం యుక్తం.

మౌసలపర్వం చివర అర్జునుడు మిగిలిన స్త్రీబాలవృద్ధులను తీసుకొని ద్వారక విడిచి వచ్చినాడు. దారిలో ఆభీరుల దోపిడి జరిగినది. మిగిలినవారిని ఎక్కడ నిలపవలెనన్నప్పుడు కృతవర్మ కుమారుని భోజస్త్రీలతో మార్తికావతంలోనూ, సాత్యకి కుమారుని సరస్వతీ తీరంలోనూ, శ్రీకృష్ణుని మునిమనుమడు వజ్రుని ఇంద్రప్రస్థంలోనూ ఉంచినాడు. మూడు చోట్ల ముగ్గురు. ఆ ఇద్దరి కుమారులను మరల ఒక నగరంలో పెట్టలేదు.